అన్నయ్య పేరు మీద ఉన్న స్తంభం

తార్నాక,
12-5-1969, సోమవారం

వదినగారికి నమస్కారం.

ఇక్కడ ఎండలు ముదిరాయి. పదకొండు దాటితే రోడ్డు మీద మనిషి కనబడడు. శనివారం సాయంత్రం మాత్రం ఒక్కసారిగా గాలిదుమారం లేచింది. పది నిమిషాలు వడగళ్ళు పడి, మళ్ళీ ఏమీ జరగనట్టు ఎండ కాసింది. యూనివర్సిటీలో క్లాసులు లేకపోయినా లైబ్రరీ సిబ్బంది రావలసిందే అన్నారు కనుక వెళ్తున్నాను. చదివేవాళ్ళు ఎవరూ లేరు. అద్దాల మీద రాళ్ళు పడతాయని కిటికీల పక్కనున్న బీరువాలను నడిమి గదిలోకి జరుపుతున్నాం. ఒక్కో బీరువా ఖాళీ చేసి, జరిపి, పుస్తకాలను నంబరు ప్రకారం మళ్ళీ పేర్చాలి. వారం నుంచి అదే పని.

రాయడానికి కారణం మన పెరట్లో ఉన్న కరెంటు స్తంభం. మన ఇల్లు రోడ్డుకు దూరమని, స్థలంలో సొంత స్తంభం వేసుకుంటేనే కరెంటు ఇస్తామన్నారని అన్నయ్య పాత రైలు పట్టా ఒకటి కొని పాతించాడు కదా. అది నేల దగ్గర తుప్పుపట్టి పోయింది. గోటితో గీరితే పొరలుగా ఊడివస్తోంది. మొన్నటి గాలికి మూరెడు పక్కకు ఒరిగింది. లైన్‌మన్ బిక్షపతిని పిలిచి చూపించాను. కటింగ్ ప్లేయరుతో నాలుగు దెబ్బలు కొట్టి చూశాడు.

"లోపలంత తిన్నది సార్. వానలు పడ్డయంటే ఆగదు. పడితే మీ ఇంటి మీద పడదు తియ్యిన్రి. ఎన్కకు, దానియేలన్న ఇంటి మీదనే పడతది" అన్నాడు.

దానియేలు మీకు గుర్తుండే ఉంటాడు. యూనివర్సిటీలో కెమిస్ట్రీ లాబొరేటరీ అటెండరు. మన వెనక గోడకు ఆనుకుని ఉన్న పెంకుటిల్లు వాళ్ళది. వాళ్ళకూ మన స్తంభం నుంచే తీగ వెళ్తుంది.

స్తంభం మన సొంతం కాబట్టి, ఇంటి యజమాని దరఖాస్తు పెట్టకపోతే కరెంటాఫీసువాళ్ళు ముట్టుకోరట. అన్నయ్య పోయినా కరెంటు సర్వీసు ఇంకా ఆయన పేరు మీదే ఉంది. ముందు అది మీ పేరుకు మార్చి, తరువాత స్తంభం మార్చాలి. ఇందుకు ఆఫీసులో గుమాస్తా ఒక పద్ధతి చెప్పాడు. స్టాంపు కాగితం మీద కింద మీరు సంతకం పెట్టి పంపితే, పైన వాళ్ళు తమ నమూనా ప్రకారం రాసుకుంటారు. అందరూ అలాగే ఇస్తున్నారు. గుమాస్తాలంతా సమ్మెకు దిగుతారని చెప్పుకుంటున్నారు. ఈలోపే పని జరగాలి. కాగితం ఇందులో పెట్టాను. ఇంటూ గుర్తు పెట్టిన చోట సంతకం చేసి రిజిస్టరు పోస్టులో పంపండి.

మీరు మాత్రం ఇప్పుడు బయలుదేరి రావద్దు. ఈ ప్రత్యేక రాష్ట్రం గొడవల్లో బస్సులు ఎప్పుడు ఆగుతాయో, రైళ్ళు ఎక్కడ ఆపుతారో తెలియడం లేదు.

వాసంతి మీకు నమస్కారాలు చెప్పమంది. పాపకు చెమటపొక్కులు తగ్గాయి. కౌముది పరీక్షలు ఎలా రాసింది?

సంతకం కోసం చూస్తూ ఉంటాను.
సుందరరావు


బాపట్ల,
19-5-1969

సుందరరావుకు,

ఆశీస్సులు మొదటే రాసేస్తున్నాను. తరువాత రాసేవన్నీ ప్రశ్నలే.

ఇక్కడ ఒకటే ఉక్క. సాయంత్రం ఐదింటికి గాని సముద్రపు గాలి తిరగదు. పబ్లిక్ పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. 'ఖాళీలు పూరింపుము' అని ఒక ప్రశ్న ఉంది. దానికి పిల్లలు రాసే జవాబులు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఖాళీ ఇస్తే ఎవరికి తోచింది వాళ్ళు రాస్తారు. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను.

నువ్వు పంపిన కాగితం సంతకం లేకుండానే తిప్పి పంపుతున్నాను. ఏమీ రాయని స్టాంపు కాగితం కింద సంతకం పెట్టమని మీ అన్నయ్య నన్ను ఎన్నడూ అడగలేదు. స్తంభం కోసం అడుగుతున్నావని నువ్వు రాశావు. కాగితం మీద మాత్రం స్తంభం అన్న మాట ఎక్కడా లేదు.

దానియేలు ఇంటికి మన స్తంభం నుంచి తీగ ఎప్పుడు ఇచ్చారు? ఎవరు ఇచ్చారు? నేను ఆ ఇంట్లో ఆరేళ్ళు కాపురం చేశాను. నాకు తెలియకుండా నా పెరట్లోంచి ఇంకొక ఇంటికి కరెంటు పోతోందా?

మా స్కూలు లెక్కల టీచరుగారి తమ్ముడు విద్యానగర్‌లో ఉంటాడు. వాళ్ళ వీధిలో మన వైపువాళ్ళు రెండిళ్ళు సగం ధరకు అమ్మేసి వచ్చేశారట. ఒకాయన ఇంటిని చూసుకోమని బంధువుకు అప్పజెబితే, ఆ బంధువే అమ్మేశాడట. ఇది నీ గురించి రాయడం లేదు. విన్నది రాస్తున్నాను.

నన్ను రావద్దన్నావు. ఎందుకు? బస్సుల సంగతి పేపరులో నేనూ చదువుతున్నాను. రావాలంటే రాగలను.

ఆ ఇల్లు తప్ప కౌముదికి ఇవ్వడానికి నా దగ్గర ఇంకేమీ లేదు. అది నీకూ తెలుసు.

వేదవతి


తార్నాక,
27-5-1969

వదినగారికి,

మీ ఉత్తరం ముందు నేను చదివి, తరువాత వాసంతికి ఇచ్చాను. ఆమె చదివి మడతపెట్టి బియ్యం డబ్బా మీద పెట్టింది.

అడిగినవాటికి జవాబులు రాస్తాను. దానియేలు ఇంటికి తీగ అన్నయ్యే ఇచ్చాడు. మీరు గుంటూరులో టీచరు ట్రెయినింగుకు వెళ్ళిన ఏడాది. అతని భార్య సాలమ్మకు కాన్పు కష్టమై మంత్రసాని కిరసనాయిలు బుడ్డి వెలుతురులో తడుముకుంటూ ఉంటే, అన్నయ్య బిక్షపతిని పిలిపించి మన స్తంభం నుంచి తీగ లాగించాడు. తరువాత వాళ్ళు మీటరు పెట్టించుకున్నారు. బిల్లు వాళ్ళే కట్టుకుంటారు. మీకు చెప్పే ఉంటాడనుకున్నాను.

ఖాళీ కాగితం సంగతి మళ్ళీ కరెంటాఫీసుకు వెళ్ళి అడిగాను. "రాసిచ్చిన కాగితం తెస్తానండీ" అంటే గుమాస్తా కళ్ళద్దాలు పైకి నెట్టి చూశాడు.

"మీరు రాసుకొస్తరు. మా సారు తప్పు రాసిన్రంటడు. మీరు మల్ల బాపట్లకు పంపుతరు. ఆమె మల్ల పంపుతది. గప్పటిదాంక మీ స్తంభం ఉంటదా? నాకేందయ్యా, నేను పదో తారీఖు నుంచి కుర్చీల ఉండ."

స్తంభాన్ని ప్రస్తుతం కొబ్బరితాడుతో వేపచెట్టుకు కట్టాను. తాడు బిగిస్తూ ఉంటే సాలమ్మ గోడ అవతల నిలబడి చూసింది.

"సార్, స్తంభం తీసేస్తరంట గద. కొత్తది ఏసినంక మాకు తీగ ఇస్తరా, ఇయ్యరా?"

"ఎందుకివ్వం? ఇస్తాం" అన్నాను.

"మీరిస్తమంటరు. ఇల్లు మీది గాదాయె. పెద్దసారు నోటిమాట మీద ఇచ్చిండు, ఆయన పోయిండు. ఈ గడబిడల మీరుంటరో పోతరో ఎవలికెరుక? కాగితం రాసియ్యిన్రి."

నేను రాసిస్తే చెల్లదు, మీరు రాసివ్వాలి అని చెప్పాను. దానికి ఆమె, "గట్లనా" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ మాట ఎలా అన్నదో మీకు తెలుసు. మీ ఉత్తరం చదివి వాసంతి ఊరుకున్నట్టే అన్నది.

మిమ్మల్ని రావద్దన్నది మీ మేలు కోరే. వస్తే నాకేమీ ఇబ్బంది లేదు. అన్నం నలుగురికి బదులు ఐదుగురికి వండుకుంటాం.

దయచేసి సంతకం సంగతి ఆలోచించండి. ఆ స్తంభం పక్కనే సాలమ్మ వంటిల్లు ఉంది.

సుందరరావు


బాపట్ల,
4-6-1969

సుందరరావుకు,

మామిడికాయలు కొన్నాను. ఆవకాయకు ముక్కలు కొట్టించడం నిన్నటితో అయింది. మీ జాడీ ఎలా పంపాలో తెలియదు. రైలులో ఎవరూ రావడం లేదు.

అన్నం నలుగురికి వండుకుంటున్నామన్నావు. మీరు ముగ్గురే కదా ఉండేది? నాలుగో మనిషి ఎవరు? ఇంట్లో ఎవరినైనా అద్దెకు పెట్టావా?

తీగ సంగతి మీ అన్నయ్య నాకు చెప్పలేదు. చెప్పి ఉంటే నేను కాదనేదాన్ని కాదు. చెప్పలేదంటే కాదంటానని అనుకున్నాడన్నమాట. మూడేళ్ళయింది ఆయన పోయి. ఇప్పుడు అడగడానికి మనిషి లేడు. నువ్వు చెప్పిందే నిజమని నమ్మాలి.

ఒక పని చెయ్యి. దరఖాస్తు మొత్తం నింపి, పేరు మార్పు ఎందుకు, స్తంభం ఎక్కడ, అన్నీ రాసి పంపు. చదువుకుని సంతకం పెడతాను. ఇది న్యాయమైన మాట.

ఇంకొకటి. ఇంటి సంగతులు తెలుసుకోవాలని దానియేలుకు ఒక కార్డు రాశాను. నీకు చెప్పకుండా ఉండడం నాకు ఇష్టం లేదు కనుక చెబుతున్నాను.

వేదవతి


తార్నాక,
13-6-1969, శుక్రవారం

వదినగారికి నమస్కారం.

నాలుగో మనిషి వాసంతి తల్లి. పాపకు జ్వరమని మల్కాజ్‌గిరి నుంచి వచ్చి పదిహేను రోజులున్నారు. మొన్న వెళ్ళిపోయారు.

నింపిన దరఖాస్తు పంపమన్నారు. మీ ఉత్తరం నాకు తొమ్మిదో తారీఖు అందింది. పదో తారీఖు నుంచి సమ్మె మొదలైంది. ఆఫీసు తలుపుకు తాళం. దరఖాస్తు ఫారం ఇచ్చేవాడు కూడా లేడు.

మీ కార్డు సంగతి రాస్తాను. అది చేరినప్పుడు దానియేలు డ్యూటీలో ఉన్నాడు. సాలమ్మకు చదువు రాదు. ఏ చావు కబురో అని భయపడి మూలమీది చంద్రయ్య కిరాణా కొట్టుకు పట్టుకెళ్ళింది. ఆ కొట్టు పక్కనే ఉన్న నీళ్ళ పంపు దగ్గర ఆడవాళ్ళంతా ఉన్నారు. చంద్రయ్యకు గొంతు పెద్దది. ఆ సాయంత్రం సాలమ్మ గోడ దగ్గరికి వచ్చి నన్ను పిలిచింది.

"సార్, ఇల్లు అమ్ముతున్నరంట గద?"

"ఎవరన్నారు?"

"మీ వదినమ్మనే అన్నది. కార్డు మీద రాసింది. 'మా మరిది ఇల్లు అమ్మే యత్నంల ఉన్నడా, ఎవలన్న వచ్చి చూసి పోతున్నరా' అని. చంద్రయ్య సదివిండు. 'ఈ సంగతి ఎవ్వలికీ చెప్పొద్దు' అని గూడ సదివిండు."

వెనక నుంచి దానియేలు వచ్చి ఆమెను లోపలికి పొమ్మన్నాడు. నా మొహం చూడలేకపోయాడు. "సార్, నేనైతే జవాబు రాస్తలేను. ఏం రాయాలె? మీరు అమ్ముతలేరని రాస్తే, నేను మీ దిక్కున్ననంటది. అమ్ముతున్నరని రాస్తే అబద్ధం" అన్నాడు.

పంపు దగ్గర విన్నవాళ్ళు ఊరికే ఉండలేదు. ఈ రెండు రోజుల్లో ముగ్గురు వచ్చారు. మొదటివాడు బౌద్ధనగర్ బ్రోకరు. ఇల్లు అమ్మేది కాదన్నాను. రెండోవాడు నేను కాదంటున్నా వినకుండా పక్కనుంచి వెళ్ళి బావిలోకి తొంగిచూసి, "నీళ్ళు మంచిగున్నయా?" అని అడిగాడు. మూడోవాడు నేను కాదనడం ధర పెంచడానికే అనుకున్నాడు.

ఈ రోజు పొద్దున గేటు మీద బొగ్గుతో 'జల్దీ ఖాళీ చెయ్యి' అని రాసి ఉంది. ఇల్లు అమ్ముకుని పోతున్నామని వీధిలో పాకినప్పటి నుంచే ఇది మొదలు. అంతకుముందు ఐదు నెలల్లో మన గేటు జోలికి ఎవరూ రాలేదు. ఇది దానియేలు కొడుకు సుదర్శన్ పనేనని వాసంతి అనుకుంది. వాడు కాలేజీ కుర్రాడు, ఊరేగింపుల్లో ముందుంటాడు. వాసంతి పొద్దుటి నుంచి ఆ గోడ వైపు చూడనైనా లేదు. వాడు నాలుగు రోజులుగా జైల్లో ఉన్నాడని మాకు సాయంత్రం తెలిసింది.

ఇకమీదట ఏమైనా అడగదలచుకుంటే నన్నే అడగండి. కవరులో పెట్టి అడగండి.

సుందరరావు


బాపట్ల,
22-6-1969

సుందరరావుకు,

నీ దగ్గరి నుంచి ఇరవై రోజులుగా ఉత్తరం లేదు. దానియేలు నుంచీ జవాబు లేదు. ఇద్దరూ ఒకేసారి మౌనంగా ఉంటే నేనేమనుకోవాలి?

నువ్వు రాయకపోయినా కబురు వచ్చింది. లెక్కల టీచరుగారి తమ్ముడు ఏదో పని మీద తార్నాక వెళ్ళి, మన ఇంటి సంగతి విన్నాడట. ఇల్లు బేరానికి ఉందని కిరాణా కొట్టులో చెప్పారట. కొనేవాళ్ళు వచ్చారట. నువ్వు బావి చూపించావట. నీళ్ళ సంగతి మాట్లాడుకున్నారట. ఇంత వివరం ఊహించి ఎవరూ చెప్పరు.

ఇంటి దస్తావేజులు నా పెట్టెలో ఉన్నాయి. నా సంతకం లేనిదే ఎవరు కొన్నా అది చెల్లదు. ఖాళీ కాగితం ఎందుకు అడిగావో ఇప్పుడు నాకు అర్థమైంది. స్తంభం పడిపోతుందన్నావు. ఆరు వారాలైంది. పడలేదు కదా?

నువ్వు చదువుకునేటప్పుడు నా చేత్తో అన్నం పెట్టాను. ఇలా రాయడం నాకు సంతోషం కాదు. అయినా కౌముదికి తండ్రి లేడు. నేను కళ్ళు మూసుకుని కూర్చోలేను.

వేదవతి


తార్నాక,
2-7-1969

వదినగారికి,

మీ ఇరవై రెండో తారీఖు ఉత్తరం అందింది. నా పదమూడో తారీఖు ఉత్తరం మీకు ఈపాటికి చేరి ఉంటుంది. చేరితే మీ మాటలకు జవాబు అందులోనే ఉంది. చేరకపోతే మళ్ళీ రాసే ఓపిక నాకు లేదు.

స్తంభం పడింది. జూన్ ఇరవై ఎనిమిది, శనివారం, పగలు నాలుగు గంటలకు.

అంతకు ముందురోజే బిక్షపతి వచ్చి తీగలు విప్పి వెళ్ళాడు. సమ్మెలో ఉన్నావు కదా, ఎలా వచ్చావంటే, "డ్యూటీ మీద రాలే సార్. దానియేలన్న ఇంటికి సుట్టపుసూపుగ వచ్చిన" అన్నాడు. పైకెక్కి విప్పుతూ ఉంటే స్తంభం వాడి బరువుకే ఊగింది. తీగలు పోయేసరికి రెండిళ్ళలోనూ కరెంటు పోయింది. వాడు రాకపోయి ఉంటే ఈ ఉత్తరం వేరేగా రాయవలసి వచ్చేది.

శనివారం మధ్యాహ్నం నుంచి వాన. తాడు తెగలేదు. వేపకొమ్మే విరిగింది. స్తంభం నేల దగ్గర పుటుక్కున విరిగి గోడ మీదుగా దానియేలు వంటింటి మీద పడింది. సాలమ్మ అప్పుడే కోళ్ళను మూయడానికి బయటకు వచ్చింది. పెంకులు ఎగిరి ఎడమ చేతికి తగిలాయి. మోచేయి దగ్గర ఎముక చిట్లింది. నేనూ దానియేలూ రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్ళాం. కర్ఫ్యూ గంట కాకముందే తిరిగి వచ్చేశాం. పొయ్యి, కుండలు, సజ్జ మీది గింజలు అన్నీ మట్టిలో కలిశాయి. ఆ తరువాత మూడు రోజులూ వాళ్ళకు వాసంతే వండింది.

రిక్షాలో సాలమ్మ నాతో ఒకే మాట అన్నది. "అమ్ముకునేదుంటే అమ్ముకోన్రి సార్. మా మీద పడగొట్టుడెందుకు?"

దానియేలు ఆమెను కసిరాడు. మీరూ అదే నమ్ముతున్నప్పుడు ఆమె నమ్మితే తప్పేముంది?

కిరసనాయిలు దీపాలతో ఉన్నాం. పగటిపూట పాప నిద్రపోవడం లేదు. ఫ్యాను లేదు.

సుందరరావు


బాపట్ల,
9-7-1969

సుందరరావుకు,

నీ రెండు ఉత్తరాలూ ఒకే రోజు వచ్చాయి. పదమూడోది తడిసి, విప్పి మళ్ళీ అంటించినట్టు ఉంది. ముందు అది చదివాను, తరువాత రెండోది.

సాలమ్మ చెయ్యి ఎలా ఉంది? రాయి. కార్డు రాయడం తొందరపాటే. ఆమెకు చదువు రాదని నాకు తట్టలేదు. చంద్రయ్య ఇంకొకరి ఉత్తరం అంత గట్టిగా ఎందుకు చదవాలి?

బడి తెరిచారు. ఒకటో తరగతిలో నూట పది మంది చేరారు. కూర్చోవడానికి బల్లలు లేవు. నేను సెలవు అడిగితే ఇన్‌స్పెక్టరు రానున్నాడని హెడ్మాస్టరుగారు వద్దన్నారు.

స్తంభం విషయం. దరఖాస్తు నింపి పంపితే ఇప్పుడు సంతకం పెడతాను. అయితే ఒక షరతు. కొత్త స్తంభం నుంచి దానియేలుకు తీగ ఇవ్వకూడదు. వాళ్ళకు జరిగింది చూసి బాధపడుతూనే ఈ మాట అంటున్నాను. ఇవాళ తీగ, రేపు తీగ బాగుచేయడానికి దారి, ఎల్లుండి గోడ జరపడం. మా నాన్నగారి పొలం గట్టు ఇలాగే పోయింది. పైగా ఇప్పుడు రోజులు అలాంటివి. వాళ్ళు అక్కడివాళ్ళు, మనం కాదు. తగవు వస్తే ఎవరి మాట చెల్లుతుంది? 'తీగ ఇవ్వబడదు' అన్న వాక్యం దరఖాస్తులో నువ్వే నీ చేత్తో రాసి పంపు.

బావి దగ్గరికి ఆ వచ్చినవాడు తనంతట తానే వెళ్ళాడని రాశావు. సరే. నమ్ముతున్నాను. అయినా గేటుకు గొళ్ళెం ఎందుకు పెట్టుకోలేదు?

వేదవతి


తార్నాక,
26-7-1969, శనివారం

వదినగారికి నమస్కారం.

వానలు పట్టాయి. క్యాంపస్‌లో గడ్డి మోకాలెత్తు పెరిగింది. క్లాసులు ఇంకా లేవు. మేం నడిమి గదిలో పెట్టిన బీరువాలకు చెదలు పట్టకుండా మందు కొడుతున్నాం. సమ్మె విరమించారు. గుమాస్తా కుర్చీలోకి వచ్చాడు.

సాలమ్మకు కట్టు ఇంకా పదిహేను రోజులుండాలట. ఎడమచేయి కనుక ఒంటిచేత్తో వండుకుంటోంది.

మీరు రాయమన్న వాక్యం నేను రాయలేదు. రాయడానికి కూర్చున్నాను. రెండిళ్ళకూ మధ్యనున్న గోడ, స్తంభం పడ్డ చోట కూలి ఉంది. కలం పట్టుకుని తలెత్తితే సాలమ్మ కనబడుతోంది. అందుకని మీ పేరు మీద దరఖాస్తే పెట్టలేదు.

జరిగింది రాస్తాను. దానియేలు తన పేరుతో తన స్థలంలో స్తంభానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. నేను సాక్షి సంతకం చేశాను. మంగళవారం సిమెంటు స్తంభం వచ్చింది. బండి సందులోకి రాదని రోడ్డు మీదే దింపి పోయారు. ఎనిమిది మందిమి తాళ్ళు, అడ్డకర్రలు వేసి మోసుకొచ్చాం. బిక్షపతి, చంద్రయ్య, దానియేలు, నేను, మిగతావాళ్ళు సుదర్శన్ స్నేహితులు. సుదర్శన్ ముందురోజే విడుదలయ్యాడు. గొయ్యి తవ్వితే మూడడుగుల్లో రాయి తగిలింది. గునపం దిగలేదు. గజం పక్కకు జరిపి మళ్ళీ తవ్వాం. నా అరచేతులు పొక్కాయి. బిక్షపతి చూసి, "పుస్తకాల చేతులు సార్, మీరు తాడు వట్టుకోన్రి చాలు" అని నవ్వాడు.

ఇప్పుడు ఆ స్తంభం దానియేలుది. మన ఇంటికి తీగ అక్కడి నుంచే రావాలి. దానికి అతని ఒప్పుదల కాగితం కావాలన్నారు. ఆ మాట అడగడానికి నేను గోడ దగ్గరికి వెళ్ళాను.

సాలమ్మ వినగానే నవ్వింది. "ఇన్నొద్దులు మేము కాగితమడిగితే మీకు చేతగాకపాయె. గిప్పుడు మేమియ్యాల్నా కాగితం?"

"ఇవ్వాలి" అన్నాను.

"మీ వదినమ్మను అడిగి ఇస్తం తియ్యిన్రి" అన్నది. అని మళ్ళీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అది చూసి ఆమె ఆపేసింది.

దానియేలు కాగితం రెండుసార్లు చదివి సంతకం పెట్టాడు. గురువారం నుంచి రెండిళ్ళలోనూ కరెంటు ఉంది. మీ మీటరును ముట్టుకోలేదు. బిల్లు ఇప్పటికీ అన్నయ్య పేరు మీదే వస్తుంది. మీ స్థలంలో ఒక రంధ్రం తప్ప ఏమీ మారలేదు. అది కూడా పూడ్చాను.

అనకాపల్లిలో ఒక కాలేజీలో లైబ్రేరియను పని దొరికింది. ఆగస్టు పదకొండున బయలుదేరుతాం. గేటు మీద రాతలకు భయపడి పోతున్నానని వీధిలో అనుకుంటారు. అనుకోనివ్వండి. మీరు అలా అనుకోకుండా ఉంటే చాలు.

ఇంటికి ఎవరిని పెట్టుకుంటారో మీ ఇష్టం. సామాను పట్టిక రాసి బీరువాలో పెట్టాను. తాళంచెవి ఎవరికి ఇవ్వమంటారో రాయండి. రాయకపోతే దానియేలుకు ఇస్తాను.

సుందరరావు


తార్నాక,
12-8-1969, మంగళవారం

సుందరరావుకు,

ఈ ఉత్తరం అనకాపల్లి కాలేజీకి రాస్తున్నాను. ఇంటి చిరునామా నాకు తెలియదు.

నేను వచ్చాను. చెప్పకుండా వచ్చాను. ఎందుకు చెప్పలేదో నువ్వు ఊహించగలవు. పదకొండున బయలుదేరుతామన్నావు కదా, నువ్వు సామాను కట్టుకునే వేళకు ఇంట్లో ఉండాలనుకున్నాను. ఆదివారం పొద్దున సికింద్రాబాదులో దిగాను. కౌముది కూడా వచ్చింది. రిక్షా దిగేసరికి గేటుకు తాళం.

నేను వస్తున్నానని తెలుసుకునే నువ్వు ముందుగా వెళ్ళిపోయావని దానియేలుతో అన్నాను.

"సారుకు ఎట్ల తెలుస్తదమ్మా? మీరు రాయలేదు గద" అన్నాడు. "సోమవారం రైలు బంద్ అంటున్నరని శనివారం టికెట్టు దొరికితే పోయిండు."

తాళం తీసి ఇచ్చాడు. నీ పట్టిక చేతిలో పట్టుకుని ఇల్లంతా తిరిగాను. గిన్నెలు, మంచాలు, మీ అన్నయ్య పుస్తకాలు, బావి గిలక. ఒక్కటీ తగ్గలేదు. పట్టికలో లేని కొత్త బకెట్టు ఒకటి ఎక్కువగా ఉంది. అది మీదయితే పంపుతాను.

స్విచ్చి వేస్తే ఫ్యాను తిరిగింది. కాసేపటికి ఆపేశాను. తీగ గోడ అవతలి నుంచి వస్తోంది.

నిన్న పగలు పదింటికి ఒక మనిషి గేటు తట్టాడు. బౌద్ధనగర్ నుంచట, తెల్లచొక్కా. "సారున్నడా?" అన్నాడు. లేడన్నాను. "మీరెవలు?" అన్నాడు. ఈ ఇల్లు నాదేనని చెప్పాను. రెండు చేతులూ జోడించాడు.

"మీకోసమే తిరుగుతున్నమ్మా నేను. సారును ఎన్నిసార్లడిగిన్నో! ఆయన గేటు లోపలికే రానియ్యలే. 'ఇల్లు మా వదినది, నాకు అందుల పుల్లంత హక్కు లేదు' అనుడు తప్ప ఇంకో మాట లేదాయె. నేను మల్ల మల్ల వస్తే ఒక్కనాడు కోపానికొచ్చి బాల్చీ నీళ్ళు గుమ్మరించిండు. గింత మంచి బేరం పోగొట్టుకుంటరా అంటే, 'నువ్వు మా ఇంట్ల మాట మా ఇంట్ల ఉండనియ్యవా' అన్నడు. గిప్పుడు మీరే చెప్పున్రి, ఇస్తరా?"

ఇవ్వనని చెప్పాను. అతను ఇంకా ఏదో అనబోతుంటే గేటు వేశాను. కౌముది గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

సాలమ్మ వచ్చి కూర్చుంది. చేతికి కట్టు విప్పారు. మోచెయ్యి పూర్తిగా చాచలేకపోతోంది. వాసంతి గురించి చాలా చెప్పింది. నీ గురించి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. వెళ్తూ వెళ్తూ, "దినమంత గాలిలేక కూసున్నవేందమ్మా, ఫ్యాను ఏసుకో. అది మీ కరెంటే" అన్నది.

సాలమ్మ వంటింటి పెంకులు నేయించడానికి కూలీని మాట్లాడాను. కూలిన గోడ కట్టించవద్దని దానియేలు అన్నాడు. తీగ బాగుచేయడానికి దారి ఉండాలట. సరేనన్నాను.

నీకు ఏమి రాయాలో నాకు తెలియడం లేదు. ఇన్నేళ్ళుగా పిల్లల తప్పులు దిద్దుతున్నాను. నావి దిద్దే అలవాటు లేదు. అనకాపల్లిలో ఇల్లు దొరికిందో లేదో, పాపకు ఒంట్లో ఎలా ఉందో వాసంతి చేత రాయించు. నువ్వు రాయకపోయినా ఫరవాలేదు.

దానియేలు చెప్పిన ప్రకారం నువ్వు, వాసంతి, పాప తొమ్మిదో తేదీ శనివారం పొద్దున ఏడింటికి వెళ్ళారు. నేను, కౌముది పదమూడో తేదీ బుధవారం పగటి బండికి వెళ్తున్నాం. తాళంచెవి దానియేలుకే ఇస్తున్నాను.

వేదవతి